ఐఆర్ చదివితే ఏం నౌకరీ అస్తదన్నా?

పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం కొత్తపేటలో చాయ్ తాగుతుంటే ఫోన్ మోగింది. జగిత్యాల దిక్కు నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న చెల్లె. పేరు రాయొద్దన్నది, రాయను. గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను. ఎమ్మే పొలిటికల్ సైన్స్ అయిపోయింది. అందులో ఇష్టంగా చదివింది అంతర్జాతీయ సంబంధాల పేపర్లు. పిల్లల భాషలో ఐఆర్. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో నలుగురుండే రూములో ఉంటుంది. ఆ రోజు ఢిల్లీలోని ఒక పరిశోధన సంస్థ వాళ్లు ఇంటర్న్‌షిప్ కోసం ఆన్‌లైన్లో ఇంటర్వ్యూ చేశారు.

"ఏమడిగిండ్లు?" అన్నాను.

"క్వాడ్ గురించి అడిగిండ్లు, చెప్పిన. శ్రీలంక అప్పుల గురించి అడిగిండ్లు, చెప్పిన. ఆఖరికి వర్క్ ఎక్స్‌పీరియన్స్ ఏమున్నది అన్నరు."

"నువ్వేమన్నవ్?"

"ఏం లేదు సార్ అన్న."

కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు. తర్వాత ఆమే అడిగింది. "అన్నా, నిజం చెప్పు. ఐఆర్ చదివితే ఏం నౌకరీ అస్తది? మా అమ్మకు నేనేం చెప్పాలె?"

ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లలో ఆమె మొదటి మనిషి కాదు. అందుకే ఈ వారం వేరే ముచ్చట పక్కన పెట్టి ఇదే రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ దిగి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ మీదుగా ఎల్బీనగర్ దాకా పిల్లర్ల కింద ఒకసారి నడవండి. గ్రూప్స్ కోచింగ్, ఎస్సెస్సీ కోచింగ్, బ్యాంకు కోచింగ్, కానిస్టేబుల్ కోచింగ్. వాటి మధ్య మధ్యలో అమెరికా, లండన్, కెనడా, ఆస్ట్రేలియా జెండాలు వేసిన కన్సల్టెన్సీ బోర్డులు. మన పిల్లలకు ప్రపంచం కనిపించేది ఆ బోర్డుల మీదనే. ఒక బోర్డు దేశం దాటు అంటుంది. దాని పక్క బోర్డు దేశంలో గవర్నమెంటు నౌకరీ కొట్టు అంటుంది. దేశాల మధ్య ఏం జరుగుతుందో చదివి దాన్నే బతుకుదెరువు చేసుకోవచ్చు అనే బోర్డు మాత్రం ఎక్కడా ఉండదు.

ఎల్బీనగర్ అంటే లాల్ బహదూర్ నగర్. పాకిస్తాన్‌తో యుద్ధం ముగించే ఒప్పందం మీద 1966 జనవరి 10న తాష్కెంట్‌లో సంతకం పెట్టి, ఆ రాత్రి గడవకముందే అక్కడే ప్రాణం విడిచిన ప్రధానమంత్రి పేరు అది. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం బస్సుల కోసం ఆ చౌరస్తాలో నిలబడే వేలమందిలో నేనూ ఒకణ్ణి. ఆ పేరులో ఒక అంతర్జాతీయ ఒప్పందం ఉందని ఎమ్మేకు వచ్చేదాకా నాకు ఎవరూ చెప్పలేదు. అప్పటిదాకా ఆ చౌరస్తా అంటే నాకు 2009 నవంబరు 29న ఒంటికి నిప్పంటించుకున్న శ్రీకాంతాచారి మాత్రమే గుర్తుకొచ్చేవాడు.

చెల్లె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పాలి.

నేను ఎమ్మే అయిపోయాక ఢిల్లీలో ఒక సంస్థలో మూడు నెలల ఇంటర్న్‌షిప్ దొరికింది. పేరున్న సంస్థే, ఇక్కడ ఆ పేరు అవసరం లేదు. జీతం లేదు. 'నేర్చుకునే అవకాశం' అని ఉత్తరంలో రాశారు. మా అమ్మ రెండు మేకలు అమ్మి డబ్బులిచ్చింది. ఒక మిత్రుడి హాస్టల్ రూములో నేల మీద పడుకునేవాణ్ణి. వార్డెన్ వచ్చినప్పుడల్లా బయటికి పోయి లైబ్రరీ మెట్ల మీద కూర్చునేవాణ్ణి. ఆఫీసులో నాతోపాటు ఇంకా ఐదుగురు ఇంటర్న్‌లు. మధ్యాహ్నం వాళ్లు బయటికి తినడానికి పోతూ పిలిచేవాళ్లు. ఆకలి లేదని చెప్పేవాణ్ణి. ఒకామె మామయ్య రాయబారి. ఇంకొకాయన తండ్రి ఏదో మంత్రిత్వ శాఖలో పెద్ద అధికారి. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. నాతో బాగానే మాట్లాడారు. కానీ ఒక సెమినార్ అయ్యాక వాళ్లు వక్తల దగ్గరికి పోయి "అంకుల్" అని పలకరిస్తుంటే, నేను ఖాళీ కుర్చీలు సర్దుతున్నానని ఆ రోజు రాత్రి గుర్తొచ్చింది. ఎవరూ సర్దమని చెప్పలేదు. చేతులు వాటంతట అవే పోయాయి.

23వ రోజు డబ్బులైపోయాయి. జనరల్ బోగీలో సికింద్రాబాద్ వచ్చాను. పూర్తి చేయలేదు కాబట్టి సర్టిఫికెట్ ఇవ్వలేదు. చాలా ఏళ్లు ఆ 23 రోజుల సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకే చేతకాలేదని అనుకున్నాను.

ఇది నా ఒక్కడి లోపం కాదని ఎప్పుడు తెలిసిందంటే, 2015లో. జెనీవాలో ఐక్యరాజ్యసమితిలో ఇంటర్న్‌గా చేరిన ఒక న్యూజిలాండ్ కుర్రాడు అద్దె కట్టలేక టెంట్‌లో ఉంటున్నాడని ప్రపంచమంతా వార్తయింది. జీతం లేని ఇంటర్న్‌షిప్ మీద అప్పుడు పెద్ద చర్చే జరిగింది. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ లాంటివి ఇంటర్న్‌లకు భత్యం ఇవ్వడం మొదలుపెట్టాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ ఐఎల్‌ఓ అంతకుముందు నుంచే ఇస్తోంది. ఐక్యరాజ్యసమితి సచివాలయంలో మాత్రం ఇంటర్న్‌షిప్‌కు జీతం లేదు. ప్రపంచంలో మానవ హక్కులు, సమానత్వం అని రోజూ మాట్లాడే భవనంలోకి మొదటి మెట్టు, ఇంటి నుంచి డబ్బు తెచ్చుకోగలిగినవాళ్లకే. ఒక న్యూజిలాండ్ పిల్లగాడికే టెంట్ గతి అయితే, వేములపల్లి మాదిగవాడ పిల్లగాడి సంగతి వేరే చెప్పాలా?

సరే, నౌకరీల సంగతి. ఉన్నది ఉన్నట్టు చెప్తాను.

మొదటిది ఐఎఫ్‌ఎస్, విదేశాంగ సర్వీసు. అందరికీ తెలిసింది అదే. యూపీఎస్సీ సివిల్స్ పరీక్షతోనే వస్తుంది. ఏడాదికి తీసుకునేది పదుల్లోనే. ఇంత పెద్ద దేశానికి మొత్తం ఐఎఫ్‌ఎస్ అధికారులు వెయ్యి మందికి అటూ ఇటూ. ఎస్సీలకు 15 శాతం రిజర్వేషన్ ఉంది, 37 ఏళ్లు వచ్చేదాకా ఎన్నిసార్లయినా రాయొచ్చు. రాయండి. కానీ దాని ఒక్కదాని మీదే బతుకంతా పెట్టి 30 దాటాక రూములో ఒంటరిగా మిగలొద్దు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో అలాంటి తమ్ముళ్లను నేను చాలామందిని చూశాను.

రెండోది ఎవరూ చెప్పనిది. ఎస్సెస్సీ సీజీఎల్ పరీక్షలో విదేశాంగ శాఖలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టు ఉంటుంది. దాంతో ఢిల్లీలో పని, తర్వాత విదేశాల్లోని మన రాయబార కార్యాలయాల్లో పోస్టింగ్. చైతన్యపురిలో సీజీఎల్ కోచింగ్ తీసుకునే మన పిల్లల్లో చాలామంది ఇన్‌కమ్ ట్యాక్స్ ఇన్‌స్పెక్టర్ ఆప్షనే మొదట పెడతారు. విదేశాంగ శాఖ ఆప్షన్ ఎందుకు పెట్టలేదంటే, అది మనకు కాదనుకున్నామన్నా అంటారు.

మూడోది చదువు దారి. నెట్‌లో పొలిటికల్ సైన్స్ ఉంది, ఇంటర్నేషనల్ అండ్ ఏరియా స్టడీస్ అనే సబ్జెక్టు కూడా విడిగా ఉంది. జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37 వేలు. మన ఇళ్లల్లో అది చిన్న మొత్తం కాదు. ఢిల్లీలో జేఎన్‌యూ వాళ్ల స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1955లో వేరే సంస్థగా పుట్టి తర్వాత జేఎన్‌యూలో కలిసింది. దేశంలో ఈ చదువుకు అది పాత ఇల్లు.

నాలుగోది భాష. మన తార్నాక ఇఫ్లూలో అరబిక్, చైనీస్, జపనీస్, కొరియన్, రష్యన్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ ఉన్నాయి. ఐఆర్ డిగ్రీకి ఒక విదేశీ భాష తోడైతే దారులు రెట్టింపవుతాయి. హైటెక్ సిటీ కంపెనీల్లో దేశదేశాల్లో ఎక్కడ ఏం గొడవ జరుగుతోందో చూసి రిపోర్టు రాసే ఉద్యోగాలు కూడా ఈ చదువు వాళ్లకే. అక్కడ క్వాడ్ గురించి అడగరు. రెండు గంటల్లో రెండు పేజీలు తప్పుల్లేకుండా రాయగలవా అని చూస్తారు.

ఐదోది వలస కార్మికుల పని, మానవ హక్కుల పని, జర్నలిజం. జీతం తక్కువ, పని ఎక్కువ. నేను ఉన్నది ఇక్కడే.

మరి అనుభవం? ఇంటర్న్‌షిప్? విదేశాంగ శాఖే ఇంటర్న్‌షిప్ ఇస్తుంది. నెలకు 10 వేల గౌరవ వేతనం, ఢిల్లీకి విమాన చార్జీ ఇస్తారు. ఉండే చోటు మనమే చూసుకోవాలి. వెనుకబడ్డ ఆకాంక్షిత జిల్లాల వాళ్లకు ప్రాధాన్యం ఉంది. మన రాష్ట్రంలో అవి ఆసిఫాబాద్, భూపాలపల్లి, భద్రాద్రి కొత్తగూడెం. ఈ మూడు జిల్లాల పిల్లలు ఈ పోస్టు చదువుతుంటే ఇవాళే ఆ నిబంధనలు తీసి చదవండి. వయసు పరిమితి చిన్నది, ఆలస్యం చేస్తే దాటిపోతుంది.

ఇదంతా ఫోన్లో చెల్లెకు చెప్పాను. రాసుకున్నది. "అన్నా, ఇవన్నీ సరే. అనుభవం కాలంలో మాత్రం నేను ఏం రాయాలె? నాకు ఏం లేదు గదా" అన్నది.

అప్పుడు నాకు కోపమొచ్చింది. ఆమె మీద కాదు.

ఆమెను నేను మొదటిసారి చూసింది ఎల్బీనగర్‌లో. ఒక వకీలు మిత్రుడి ఆఫీసు ముందు గదిలో ఆదివారాలు కూర్చుంటాం. గల్ఫ్‌లో చిక్కుకున్నవాళ్ల ఇంటివాళ్లు వస్తారు, కాయితాలు రాసిపెడతాం. అప్పుడామె డిగ్రీ రెండో ఏడాది. చేతిలో బట్టల షాపు కవరు, అందులో మడతలు పడ్డ కాయితాలు. వాళ్ల నాన్న సౌదీలో ఉన్నాడు. క్లీనింగ్ కంపెనీలో పని అని ఏజెంటు పంపిస్తే, అక్కడ దిగాక ఎడారిలో గొర్ల దగ్గర పెట్టారు. జీతం లేదు. 14 నెలలు చూసి పారిపోయాడు. కఫీల్ ఆయన మీద హురూబ్ పెట్టాడు. అంటే పనిలోంచి పారిపోయిన మనిషి అని రాసి పెట్టడం. ఇక ఆకామా చెల్లదు, దేశం విడిచి రావడానికి లేదు, దొరికితే జైలు. ఉత్తర తెలంగాణ ఊళ్లల్లో దీన్ని ఖల్లివల్లి అయిండు అంటారు. ఆ మాట తెలియని మాదిగవాడ, మాలపల్లి అక్కడ ఉండదు.

వాళ్ల అమ్మకు చదువు రాదు. తమ్ముడు చిన్నోడు. ఆ ఇంట్లో విదేశాంగ శాఖ అంటే ఈ పిల్లే.

ఆమె ఏమేం చేసిందో చెప్తాను, వినండి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో వెతికి ఆ ఏజెంటుకు లైసెన్సు లేదని తేల్చింది. 1983 వలస చట్టం కింద లైసెన్సు లేకుండా మనుషులను పంపడం నేరమని, లైసెన్సు ఉన్నవాడు కూడా 30 వేల రూపాయలు, దాని మీద పన్ను మించి తీసుకోకూడదని తెలుసుకుని పోలీసు ఫిర్యాదులో అదే రాసింది. వాళ్ల నాన్న ఇచ్చింది ఎంతో తెలుసా? లక్షా 10 వేలు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టింది. ప్రతి సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో నిలబడ్డది. రియాద్‌లోని రాయబార కార్యాలయానికి ఇంగ్లీషులో ఉత్తరాలు రాసింది. మొదటి ఉత్తరం నేను దిద్దాను. నాలుగో ఉత్తరం నాకంటే బాగా రాసింది. అరబ్బీలో వచ్చిన ఒక కాయితం ఫొటో తీసి ఇఫ్లూలో చదివే పిల్లగాణ్ణి పట్టుకుని చదివించుకుంది. సౌదీలో ఉన్న మన ఊరివాళ్ల వాట్సాప్ గ్రూపులో నాన్న ఎక్కడ దాక్కున్నాడో, ఎవరి దగ్గర తింటున్నాడో రోజూ కనుక్కుంది. ఆఖరికి ఔట్‌పాస్ వచ్చింది. తర్హీల్‌లో, అంటే తిప్పి పంపే సెంటర్‌లో, మూడు వారాలుండి ఆయన శంషాబాద్‌లో దిగాడు. మొత్తం 11 నెలలు. పరీక్షలు కూడా ఆ మధ్యలోనే రాసింది.

ఆ మధ్యలోనే ఒకరోజు నన్ను అడిగింది. "అన్నా, సౌదీ 2021 మార్చిల కఫాలా సడలించింది, పనోడు కఫీల్‌ను అడగకుండ దేశం దాటొచ్చు అని పేపర్ల అచ్చింది గదా. మా బాపుకు ఎందుకు పనికిరాదు?" ఇద్దరం కూర్చుని వెతికితే తెలిసింది. ఆ సడలింపులోకి ఇళ్లల్లో పనివాళ్లు, డ్రైవర్లు, తోటపనివాళ్లు, గొర్లకాపరులు రారు. అంటే మన ఊళ్ల నుంచి అన్నిటికంటే కింది పనికి పోయేవాళ్లే రారు. ఇళ్లల్లో పనిచేసేవాళ్ల హక్కుల కోసం ఐఎల్‌ఓ 2011లో 189వ ఒప్పందం తెచ్చింది. మన దేశం ఇప్పటికీ దాన్ని ఆమోదించలేదు. కడప నుంచి, కోనసీమ నుంచి కువైట్ పోయే అక్కలకు సంబంధించిన ఒప్పందం అది.

మన ప్రభుత్వం అక్కడ సంతకం ఎందుకు పెట్టలేదు, పెడితే ఏమవుతుంది, సౌదీ ఒకరికి ఇచ్చిన సడలింపు ఇంకొకరికి ఎందుకు ఇవ్వలేదు. ఐఆర్ అంటే ఇది కాక మరేమిటి? ఈ పిల్ల ఐఆర్ పేపర్లు ఎందుకు తీసుకుందో ఆ రోజు నాకు అర్థమైంది. అలాంటి పిల్ల ఇంటర్వ్యూలో అనుభవం ఏం లేదు సార్ అన్నది.

ఎందుకన్నదంటే, మనం చేసిన పనికి పేరు మనం పెట్టుకోలేదు. వాళ్ల పిల్లలు ఒక సెమినార్‌లో నోట్స్ రాసుకుంటే దాన్ని 'రిసెర్చ్ అసిస్టెన్స్' అంటారు. మన పిల్ల ఒక మనిషిని పరాయి దేశం నుంచి బతికించి తెచ్చుకుంటే దాన్ని 'ఇంటి కష్టం' అంటాం. ఇంటి కష్టం రెజ్యూమేలో రాస్తారా అని సిగ్గుపడతాం. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కన్సల్టెన్సీలో 7 వేల జీతానికి ఇతరుల పిల్లల అమెరికా దరఖాస్తులకు వ్యాసాలు రాసిపెట్టిన రెండేళ్లు కూడా ఎక్కడా రాసుకోలేదు. వీసా నిబంధనలు, బ్యాంకు కాయితాలు, ఏ దేశం ఎవరిని రానిస్తుంది, ఎవరిని ఆపుతుంది అన్నీ నేర్చుకున్నది అక్కడే.

మరుసటి ఆదివారం చెల్లె ఎల్బీనగర్ వచ్చింది. ఇద్దరం కూర్చుని ఆ కాలం నింపాం. రెండేళ్లుగా ఆదివారాలు ఆమె మాతోపాటు కూర్చుని రాసిన కేసులు లెక్కపెడితే 31. వాళ్ల నాన్నది కలిపి 32. ఇలా రాశాం: గల్ఫ్ వలస కార్మికుల కేసుల్లో రెండేళ్ల స్వచ్ఛంద పని. మదద్ ఫిర్యాదులు, రాయబార కార్యాలయాలతో ఇంగ్లీషు ఉత్తర ప్రత్యుత్తరాలు, 1983 వలస చట్టం కింద ఫిర్యాదుల తయారీ, సౌదీ కార్మిక నిబంధనల మార్పులపై తెలుగులో కరపత్రం. భాషలు: తెలుగు, ఇంగ్లీషు, హిందీ, అరబ్బీ అక్షరాలు చదవగలదు. ఒక్క అబద్ధం లేదు. చదివి, "ఇది నేనేనా అన్నా?" అన్నది. నవ్వింది గానీ కళ్లు తుడుచుకున్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక. చూశారా, కష్టమే గొప్ప ఇంటర్న్‌షిప్, జీతం లేకపోయినా పర్వాలేదు అని ఎవరైనా ఈ పోస్టును వాడుకుంటే నేను ఒప్పుకోను. ఆ పిల్ల ఆ 11 నెలలు ఎలా గడిపిందో నాకు తెలుసు. ఏ పిల్లకూ అలాంటి అనుభవం రాకూడదు. నేను అడిగేది రెండు. జరిగిన పనిని పనిగా లెక్కపెట్టండి. ఇకముందు చేయించుకునే పనికి డబ్బులివ్వండి. ప్రజాస్వామ్యం, సామాజిక న్యాయం అని రిపోర్టులు అచ్చేసే సంస్థలు, మా ఉద్యమ మిత్రులు నడిపేవి కూడా, ఇంటర్న్‌కు కనీసం రూము కిరాయి, తిండి ఖర్చు ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఇంటర్న్‌ను పెట్టుకోవద్దు. మా ఎల్బీనగర్ గది కూడా చెల్లెకు రెండేళ్లు బస్సు చార్జీలు తప్ప ఏమీ ఇవ్వలేదు. ఆ తప్పు నాది. ఈ నెల నుంచి చందాల్లోంచి ఇద్దరు విద్యార్థులకు నెలకు కొంత ఇవ్వాలని తీర్మానించుకున్నాం. అది ఎంతో, ఎవరికో, లెక్కలతో సహా ఇక్కడే పెడతాను.

ఇంతా ఎందుకు, హాయిగా టీచర్ ఉద్యోగం చూసుకోవచ్చు కదా అని కొందరు తమ్ముళ్లు అంటారు. చూసుకోండి, తప్పు లేదు. కానీ ఒక మాట.

2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతివివక్షకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ప్రపంచ సదస్సు పెట్టింది. కులవివక్షను కూడా అందులో చేర్చాలని దళిత సంఘాలు కొట్లాడాయి. మన తెలుగు నేల నుంచి పోయినవాళ్లూ ఉన్నారు. కులం వేరు, జాతి వేరు, ఇది మా ఇంటి విషయం అని భారత ప్రభుత్వం అడ్డంగా నిలబడ్డది. మరుసటి ఏడాదే జాతివివక్ష నిర్మూలన కమిటీ తన 29వ సాధారణ సిఫారసులో, పుట్టుకను బట్టి చూపే వివక్షలో కులం కూడా ఉందని చెప్పింది. అంతర్జాతీయ దళిత సంఘీభావ వేదికకు ఐక్యరాజ్యసమితిలో సంప్రదింపుల హోదా రావడానికి పదిహేనేళ్ల దాకా పట్టింది. ప్రతిసారీ మన దేశ ప్రతినిధులు కొత్త ప్రశ్నలు వేసి వాయిదా వేయించారు. 2022 డిసెంబరులో వచ్చింది. రెండు నెలలకు, 2023 ఫిబ్రవరి 21న, అమెరికాలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది.

ఆ ప్రశ్నలు తయారుచేసింది ఎవరు? ఐఆర్ చదివినవాళ్లే. వాటికి జవాబులు రాయాల్సినవాళ్లూ ఐఆర్ చదివి ఉండాలి. ఆ బల్లకు ఒక పక్కన మాత్రమే చదువుకున్నవాళ్లుంటే ఏం జరుగుతుందో పదిహేనేళ్లు చూశాం.

బాబాసాహెబ్ 1951లో నెహ్రూ మంత్రివర్గం నుంచి ఎందుకు బయటికొచ్చారు అంటే హిందూ కోడ్ బిల్లు అని అందరూ చెప్తారు. నిజమే. కానీ ఆ అక్టోబరు 10 ప్రకటనలో విదేశాంగ విధానం కూడా ఒక కారణంగా ఉంది. దేశానికి స్నేహితులు లేకుండా పోతున్నారని, 350 కోట్ల రాబడిలో 180 కోట్లు సైన్యానికే పోతున్నాయని ఆయన లెక్క చెప్పారు. అంతకుముందు లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశాల్లో అంటరానివాళ్ల రాజకీయ హక్కులను ప్రపంచం ముందు పెట్టింది ఆయనే. కేరళలో ఉళవూరు అనే పల్లె నుంచి రోజూ మైళ్లు నడిచి చదువుకున్న కె.ఆర్. నారాయణన్ 1949లో విదేశాంగ సర్వీసులో చేరి, 1976లో చైనాకు రాయబారిగా పోయి, 1997లో రాష్ట్రపతి అయ్యాడు. ఆయన లండన్ చదువుకు టాటా స్కాలర్‌షిప్ దొరికింది కాబట్టి ఆ దారి తెరుచుకుంది. ప్రతిభ ఒక్కటే సరిపోలేదు, టికెట్టు డబ్బులు ఎవరో ఒకరు పెట్టాల్సి వచ్చింది.

ఇవాళ ఆ టికెట్టు సంగతి. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఎస్సీ విద్యార్థికి 20 లక్షల దాకా ఇస్తుంది. అందులో సోషల్ సైన్సెస్, హ్యుమానిటీస్ కూడా ఉన్నాయి. ఇంజనీరింగ్‌కు మాత్రమే అనుకుని మనవాళ్లు చాలామంది దరఖాస్తే పెట్టరు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో మాత్రం 2022లో ఒక మెలిక పెట్టారు. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారత సమాజం మీద చేసే పరిశోధనకు ఈ డబ్బు ఇవ్వరట. అంటే మన పిల్ల లండన్ పోయి వేరే ఏదైనా చదవొచ్చు గానీ, తన కులం సంగతి చదవడానికి కుదరదు. డర్బన్‌లో పెట్టిన అడ్డమే మళ్లీ స్కాలర్‌షిప్ ఫారంలో పెట్టారు.

చెల్లె ఇప్పుడు మూడు పనులు చేస్తోంది. సీజీఎల్‌కు చదువుతోంది, ఆప్షన్లలో విదేశాంగ శాఖ మొదట పెడతానన్నది. విదేశాంగ శాఖ ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు పెట్టింది. సాయంత్రాలు అరబ్బీ నేర్చుకుంటోంది. ఆ ఢిల్లీ సంస్థ నుంచి ఏ కబురూ లేదు. ఇవేవీ రాకపోవచ్చు కూడా. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

వాళ్ల అమ్మకు ఏం చెప్పిందో మొన్న అడిగాను. "బాపును ఎట్ల తెచ్చిన్నో, గసొంటి పనికే జీతమిచ్చే నౌకరీ ఎతుక్కుంటున్న అన్న. గట్లయితే మంచిగనే ఉంటదిగా బిడ్డా అన్నది" అని చెప్పింది.

ఎల్బీనగర్ గదిలో వచ్చే ఆదివారం సాయంత్రం 4 గంటలకు ఐఆర్, పొలిటికల్ సైన్స్ పిల్లలందరం కూర్చుందాం. అడ్రస్ కావాలంటే ఇన్‌బాక్స్‌లో అడగండి. రెజ్యూమే లేదని ఆగిపోవద్దు, అక్కడే రాద్దాం. ఇంట్లో నాన్నవో అమ్మవో పాత పాస్‌పోర్టు, ఏజెంటు రసీదు, ఆఫీసులకు మీరు రాసిన అర్జీలు ఉంటే ఆ కవరు మాత్రం మర్చిపోకుండా తెండి.

జై భీమ్.